పుండు ఆరాలన్నాను

మగవాడు నర్సుగా పనిచేస్తే అతన్ని ఏమని పిలవాలో మా జిల్లాలో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. వార్డులోకి మొదటిసారి వచ్చినవాళ్ళు డాక్టర్ అనేవారు. చేతిలో బెడ్‌పాన్ కనబడ్డాక ఆ మాట వెనక్కి తీసుకునేవారు. కాస్త చదువుకున్నవాళ్ళు బ్రదర్ అనేవారు. సాత్తూరు నుంచి వచ్చిన ఒక అవ్వ మాత్రం నెల రోజులపాటు నన్ను "ఆంబళ సిస్టర్" అని పిలిచింది, అంటే మగ సిస్టరు అని. ఉద్యోగంలో నాకు దక్కిన బిరుదు అదొక్కటే. కాదనడానికి కూడా లేదు.

జంతుశాస్త్రంలో డిగ్రీ చదివాను. మూడేళ్ళు కప్పల్ని కోశాక, కప్పలకు బంధువులు ఉండరనీ అందువల్ల జీతం ఇచ్చేవాళ్ళు కూడా ఉండరనీ తెలిసి నర్సింగ్‌లో చేరాను. కోవిల్‌పట్టిలో కాపురం, విరుదునగర్‌లో ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కితే సాత్తూరు దాటేలోపు నిద్ర, దిగాక కాలిన గాయాల వార్డు. ఆసుపత్రి పేరు రాయను. ఇందులో వచ్చే మనుషుల పేర్లు కూడా రాయను. తప్పు చేసింది నేను. నా పేరు కూడా రాయడం లేదు కాబట్టి ఎవరికీ అన్యాయం జరగలేదు.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి. మాది కడంబూరు దగ్గర నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరాలు నేను రిటైరయ్యాక నేర్చుకున్నాను. అందువల్ల నా రాత పుస్తకాల నుంచి వచ్చింది, నా మాట మాత్రం పల్లెలోనే ఉండిపోయింది. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు నా మాట విని, "ఎంత పాత తెలుగండీ!" అని ముచ్చటపడతారు. మ్యూజియంలో కుండను చూసినట్టు చూస్తారు. ఆ పాత తెలుగుతోనే నేను ఒక చేతిని దాదాపు పోగొట్టాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కలిసినప్పుడల్లా అడుగుతుంటారు, "మీకు బాగా గుర్తున్న కేసు ఏది సార్?" అని. బతికించిన కేసు చెబుతానని వాళ్ళ ఆశ. బతికించినవి డాక్టర్ల పేరు మీదికి పోతాయి నాయనలారా. పాడుచేసినవే మనకు సొంతంగా మిగులుతాయి. అందులో ఒకటి చెబుతాను.

*

మా వార్డుకు పని ఎందుకు తగ్గదో ఆ చుట్టుపక్కల వాళ్ళకు చెప్పనక్కర్లేదు. బాణసంచా పనిచోట్లు ఉన్న తాయిల్పట్టి, వెంబకోట్టై వైపు నుంచి ఆంబులెన్సు వస్తోందంటే మేం ఏమీ అడగకుండానే మంచాలు సర్దేవాళ్ళం. ఆ రోజు కూడా అలాగే సర్దాం. వచ్చింది ముప్పై దాటని ఒక ఆడమనిషి. బాణసంచా పనిచోట మందు అంటుకుంది. ఎలా అంటుకుందో ఆమెకు తెలియదు, చూసినవాళ్ళు లేరు. రెండు తొడల ముందు భాగం, కుడి పిక్క, పొట్ట, వీపు, ఎడమ భుజం కాలాయి. అన్నిటికంటే లోతుగా కాలింది కుడి చేయి, మోచేతి కింద నుంచి వేళ్ళ వెనక భాగం దాకా.

వెంట వచ్చింది ఆమె అత్త. సన్నగా, నిటారుగా, పడుగు కట్టే గుంజలాగా ఉండేది. డాక్టరు అడిగినవాటికి అరవంలో జవాబు చెబుతూనే మధ్యలో కోడలి వైపు తిరిగి తెలుగులో అంది.

"ఏడవొద్దు మే. కట్టు తడిసిపోతాది."

నేను అలవాటు కొద్దీ అనేశాను. "తడిస్తే మార్చేదానికి నేనుండాను పెద్దమ్మా."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు మనవాడా?"

పది నిమిషాల్లో నా ఊరు, పొలం, మా అమ్మ పుట్టిల్లు, నా పెళ్ళి ఎవరు కుదిర్చారు అన్నీ లాగేసింది. వాళ్ళు నేతవాళ్ళు, మేం సేద్యగాళ్ళం. మామూలుగా అయితే ఒకరి ఇంటి పెళ్ళికి ఒకరం పోయే సంబంధం కాదు. అయినా అరవం నిండిన ఆ వార్డులో తెలుగు మాట వినబడ్డాక నేను "మనవాణ్ణి" అయిపోయాను. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

మగ్గాలు మూలపడ్డాక వాళ్ళు తాయిల్పట్టి పక్కకు వచ్చి స్థిరపడ్డారట. కోడలు అంతకుముందు అచ్చు అతికే పని చేసేది. మగ్గం మీద పడుగు అయిపోవస్తే, ఆ పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. వేలికి కాస్త బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు కొసల్ని పెట్టి ఒక్క నలుపు నలిపితే రెండూ ఒకటైపోవాలి. అత్తగారు చెప్పింది, "మా వీదిలో దీని మాదిరి అతికేది ఎవురూ లేరు. నేను కూడా లేను. ఈ మాట దానికి చెప్పబాకు, తల ఎగరేస్తాది."

కోడలు కట్ల మధ్య నుంచి వింటూనే ఉంది. "ఇనబడతా ఉండాది అత్తా," అంది.

వీళ్ళకు ఊళ్ళో మళ్ళీ పని దొరకబోతోంది. ఒకాయన ఆరు మగ్గాలు తెచ్చి పెడుతున్నాడట, అతికేవాళ్ళు కావాలట. బాణసంచా పని మానేసి ఆ పనికి పోదామని ఆమె ఆ వారమే అనుకుంది. కనుక ఆ కుడి చేయి ఒట్టి చేయి కాదు. అది వాళ్ళ ఇంటిల్లిపాదికీ ఇంకోసారి మందు ముట్టనక్కర్లేని దారి.

*

మా వార్డులో ఇద్దరు ఆడవాళ్ళు నాకు పై అధికారులు. ఒకరు పెద్ద సిస్టరు. రోగి నిద్రలేవకుండా కట్టు విప్పి మళ్ళీ కట్టగలిగిన మనిషి. ఆవిడ నవ్వితే కేసు షీటులో రాసిపెట్టాలని నేను అనేవాణ్ణి. ఆవిడ ఆ మాటకు కూడా నవ్వేది కాదు. రెండోవారు సర్జన్. మేం చిన్న డాక్టరమ్మ అనేవాళ్ళం, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. కోపం వస్తే వార్డులో ఫ్యాన్లు కూడా నెమ్మదిగా తిరిగేవి. కానీ టీ తాగేటప్పుడు చెప్పింది వినేవాడు దొరికితే పాఠం చెప్పకుండా ఉండలేకపోయేది. కప్పలు కోసినవాణ్ణి కదా, నేను దొరికాను.

చర్మం కణాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో నాకు ఆవిడే చెప్పింది. ఉత్తరం రాసినట్టు రక్తంలో రసాయనం కలిపి దూరానికి పంపడం ఒక పద్ధతి. ఇంకొకటి నేరుగా. పక్కపక్కన ఉన్న రెండు కణాల మధ్య, గోడకు గోడ ఆనించిన ఇళ్ళలో కన్నం ఉన్నట్టు, సన్నని దారులు ఉంటాయట. గాయం తగలగానే అంచున ఉన్న కణంలో కాల్షియం ఒక్కసారిగా పొంగుతుంది. ఆ పొంగు పక్కదానికి, ఆ పక్కదానికి అలలాగా పాకుతుంది. "ఇక్కడ గోడ కూలింది" అన్న కబురు అది. అప్పుడు అంచు కణాలు ఆ కన్నాలు కొన్ని మూసుకుని, ఒళ్ళు సాగదీసి ముందుకు పాకడం మొదలుపెడతాయి. వెనకవాటిని వదలవు. దుప్పటి లాగినట్టు అన్నీ కలిసే కదులుతాయి. అవతలి నుంచి వచ్చేవి ఎదురై ఒకదానికొకటి తాకగానే ఆగిపోతాయి. కన్నాలు మళ్ళీ తెరుచుకుంటాయి.

"గాయం ఎంత పెద్దదో వాటికి ఎలా తెలుస్తుంది డాక్టర్?" అని అడిగాను.

"ఏ ఒక్కదానికీ తెలియదు," అంది. "పక్కదాన్ని తాకుతున్నానా లేదా, అంతే వాటికి తెలిసింది. అది చాలు."

"మా ఊరి పంచాయతీ కంటే నయం," అన్నాను.

ఆ చేతికి ఎంత చర్మం కావాలో అంత ఆమె ఒంటి మీద మిగల్లేదు. కాలకుండా ఉన్నది ఎడమ పిక్క, తొడ వెనక కాస్త. అందుకని పెద్ద ముక్కగా కాకుండా, పలచగా చెక్కి పోస్టల్ స్టాంపులంత ముక్కలు చేసి గాయం మీద అక్కడక్కడ పరచాలని డాక్టరమ్మ నిర్ణయించింది. ఒక్కో ముక్క అంచు నుంచి కణాలు బయలుదేరి, నాలుగు వైపులా పాకి, పక్క ముక్క నుంచి వచ్చినవాటిని తాకాలి. అన్నీ తాకితే చేయి మూసుకుంటుంది. ఆ పాక్కుంటూ పోవడానికి నేల చెమ్మగా ఉండాలి. ఎండిన నేల మీద చర్మం కణం నడవలేదు. మా కరిసల్ కాడులో, అంటే నల్లరేగడిలో, పత్తి మొలకకు ఉన్నంత ఓపిక కూడా దానికి లేదు. అందుకే ముక్కల మీద నూనె గుడ్డ, దాని మీద తడి గుడ్డ, దాని మీద దట్టంగా కట్టు. అయిదు రోజులు విప్పకూడదు.

మంగళవారం ఆపరేషన్ అయింది. ఆ సాయంత్రం వెంట ఉన్నవాళ్ళకు జాగ్రత్తలు చెప్పే పని పెద్ద సిస్టరుది. నేను ముందుకు వచ్చి, "వాళ్ళు మావాళ్ళు, మా మాటలో నేను చెబుతాను," అన్నాను. వినయంగానే అన్నాననుకుంటాను. చెప్పిన మాటలు ఇవి, ఇప్పటికీ ఒక్క అక్షరం మరవలేదు.

"పెద్దమ్మా, బాగా చూసుకో. చేయి కదలకూడదు. పుండు ఆరాల. ఆరితేనే చేయి దక్కతాది."

"ఆరాల," అంది ఆమె తల ఊపి. "సరి నాయనా."

విప్పొద్దు అని వేరే చెప్పలేదు. కట్టు కట్టేదే విప్పకుండా ఉండేందుకు కదా అనుకున్నాను.

*

శుక్రవారం పొద్దున నేను రైలు దిగి వార్డులోకి వచ్చేసరికి డాక్టరమ్మ ఆ మంచం దగ్గర నిలబడి ఉంది. ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. కట్టు వంకరగా, కొత్తచేయి పడినట్టు ఉంది. విప్పి చూస్తే నూనె గుడ్డ లేదు. స్టాంపు ముక్కలు నల్లబడి, అంచులు పైకి లేచి, ఎండలో మరిచిపోయిన వడియాల్లాగా ఉన్నాయి.

"ఎవరు విప్పారు?" అంది డాక్టరమ్మ అరవంలో.

"నేనే," అంది అత్తగారు.

"ఎవరైనా విప్పమన్నారా?"

"లేదమ్మా. నేనే. ముసలి బుద్ది."

డాక్టరమ్మ తిట్టింది. అందరి ముందూ తిట్టింది. ఎంత చర్మం పోయిందో, మిగిలింది ఎంతో, మళ్ళీ అదే చోట తీయాలంటే ఎన్ని వారాలు ఆగాలో, చేయి అన్నాళ్ళు ఎందుకు ఆగదో చెప్పి తిట్టింది. మిగిలిన చర్మంతో ఇంకొక్కసారి చేయవచ్చు, అదీ పోతే వేళ్ళు తీసేయడం గురించి మాట్లాడాలి అంది. అత్తగారు నిటారుగానే నిలబడి వింది. కోడలు కళ్ళు మూసుకుంది.

డాక్టరమ్మ వెళ్ళాక వార్డులో ఎవరికీ ఊపిరి ఆడడంలేదు. ఇలాంటప్పుడు తేలికపరచడం నా బాధ్యత అని నాకు ఎప్పటినుంచో ఒక నమ్మకం. పక్క మంచాల వాళ్ళతో, "ఆ అమ్మ దగ్గర మూతపెట్టిన గిన్నెలు ఏవీ ఉంచకండి," అన్నాను. నవ్వారు. మధ్యాహ్నానికి ఆ మాట వార్డు దాటి వరండాలోకి పోయింది. ఎవరు టిఫిన్ క్యారియర్ తెరిచినా, "చూడండి, ఆ అమ్మ వస్తుంది," అనుకునేవారు.

మధ్యాహ్నం అత్తగారు కొళాయి దగ్గర గ్లాసులు కడుగుతోంది. నేను పోయి, కాస్త కఠినంగానే అడిగాను.

"ఏమిటికి విప్పినావు పెద్దమ్మా?"

ఆమె చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది.

"నువ్వు తానే ఆరాలంటివి?" అరవం "తానే" అంటే మన "కదా".

"అవును, అంటిని."

"కట్టు తడిగా ఉండె. తడి గుడ్డ చుట్టి పెడితే ఏదన్నా ఆరతాదా? నిన్న మజ్జానం విప్పి, కిటికీ కాడ పెట్టినాను. ఎండ బాగా వస్తా ఉండె. ఇసనకర్రతో ఇసిరినాను. దానికీ సుకంగా ఉండాదనె. రెండు గంటల్లో బాగా ఆరె. అప్పరం తిరగా కట్టినాను."

కొళాయి కారుతూ ఉంది. నేను కట్టలేదు, ఆమె కట్టలేదు.

రోజంతా అరవంలో అనే మాట ఒకటుంది. పుణ్ణు ఆఱణుం, అంటే పుండు మానాలి. ఆ మాట నోట్లో పెట్టుకుని, దానికి తెలుగు తోక తగిలించి, మన మాటలో చెప్పానని మురిశాను. ఆమె తెలుగు చెవితో వింది. ఉతికిన చీర ఆరాలి, నూర్చిన వడ్లు ఆరాలి, గంజి పెట్టిన పడుగు ఆరాలి. నేతగత్తెకు ఆ మాట ఎన్నిసార్లు పనికొచ్చి ఉంటుంది! గంజి పడుగును ఎండలో పెట్టి విసిరినట్టే ఆమె కోడలి చేతిని పెట్టి విసిరింది. అరవంలోనే చెప్పి ఉంటే సరిగ్గా అర్థమయ్యేది. పరాయివాడు చెబితే సరిపోయేదాన్ని మనవాడు చెప్పి చెడగొట్టాడు.

"మరి డాక్టరమ్మతో ఎందుకు చెప్పలేదు, నేను చెప్పినానని?"

"చెప్తే నిన్ను పంపించేస్తారు కదా." గ్లాసు బోర్లించింది. "నువ్వు పోతే, నా కోడలు నొప్పి అని ఎవురితో చెప్తాది? అది నొప్పిని అరవంలో చెప్పేదానికి సిగ్గుపడతాది."

ఆమే మళ్ళీ అంది. "తిట్టు నాకు కొత్తా నాయనా? మా అత్త కింద ముప్పై ఏండ్లు ఉంటిని. ఈ డాక్టరమ్మ పావం, దానికి తిట్టేదే రాదు."

*

పిల్లలారా, ఇక్కడ నేను వెంటనే పోయి డాక్టరమ్మతో చెప్పానని రాస్తే బాగుంటుంది. చెప్పలేదు. శుక్రవారం చెప్పలేదు. శనివారం, ఆమె మధ్యాహ్నం తర్వాత ఖాళీగా ఉంటుంది, అప్పుడు చెబుదామనుకున్నాను. ఆమె ఖాళీగా ఉన్నప్పుడు నేను పని కల్పించుకున్నాను. పన్నెండేళ్ళుగా మూలన పడి ఉన్న ఒక అల్మరాను ఆ రోజు నేను శుభ్రం చేశాను. ఆదివారం సెలవు. ఇంట్లో మా ఆవిడ అన్నం పెట్టి, "ఏమి, నోరు ఆరిపోయినాదా, మాటే లేదు?" అంది. ఆ ఒక్క మాట వాడకుండా ఉంటే ఆవిడకు ఏం పోయేదో తెలియదు.

వార్డులో ఆ మూతల హాస్యం ఇంకా తిరుగుతూనే ఉంది. కాలిన మనుషులకు నవ్వడానికి దొరికేవి తక్కువ, దొరికినదాన్ని అరగదీస్తారు. అత్తగారు కూడా నవ్వేది. ఎవరో గిన్నె మూత తీయలేక అవస్థపడుతుంటే, "ఇట్టా తే, నాకు తానే ఆ పని వచ్చేది," అని తీసిచ్చింది. ఆ హాస్యం నాది అని ఆమెకు తెలుసు. వార్డులో అందరికీ తెలుసు.

సోమవారం పొద్దున పెద్ద సిస్టరు నేను చేతులు కడుక్కుంటుంటే పక్కకు వచ్చి నిలబడింది.

"కట్టు ఎవరు విప్పారో నేను అడగను," అంది. "జాగ్రత్తలు ఎవరు చెప్పారో నాకు తెలుసు." తన చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

రెండో ఆపరేషన్ మర్నాడు. నేను డాక్టరమ్మ గదికి పోయి నిలబడే చెప్పాను. అరవం మాట, తెలుగు మాట, పడుగు, గంజి, కిటికీ, అన్నీ. ఆవిడకు తెలుగు రాదు కాబట్టి ఆరడం అంటే ఏమిటో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తప్పు ఒప్పుకోవడమే కష్టం, అందులో వ్యాకరణం కూడా చెప్పాలంటే ఇంకా కష్టం.

ఆవిడ ముందున్న కేసు షీటు మూసింది. తర్వాత, "ఆ అమ్మను నేను అందరి ముందూ తిట్టాను," అంది. నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి నేరుగా వార్డులోకి పోయి, అత్తగారి స్టూలు పక్కన మంచం అంచు మీద కూర్చుని, అందరికీ వినబడేలాగానే, "తప్పు మీది కాదమ్మా, మాది. మేం సరిగ్గా చెప్పలేదు," అంది. నాది అనలేదు, మాది అంది.

అత్తగారు నా వైపు కోపంగా చూసింది. నాలుగు రోజులు కష్టపడి మోసిన మూటను నేను దించి విప్పేశానని.

బయటికి వస్తూ డాక్టరమ్మ నాతో అంది. "ఈసారి కూడా మీరే చెప్పండి. మీ భాషలోనే. కానీ ఒకటి. మీరు చెప్పింది చాలదు. ఆమె ఏం విన్నదో ఆమె నోటితో తిరిగి మీకు చెప్పాలి. అది మీరు నాకు చెప్పాలి."

మీకు ఈ వ్యాసంలో పనికొచ్చే మాట అదొక్కటే. మిగతాదంతా మా ఊరి కబుర్లు.

*

మంగళవారం సాయంత్రం, పిక్క మీది చివరి జానెడు చర్మం కూడా చేతి మీదికి చేరాక, నేను ఆమె ముందు కింద కూర్చున్నాను. ఆరు అనే మాట ఎత్తలేదు. స్టాంపు ముక్కల సంగతి, కణాలు పాకడం, ఒకదాన్నొకటి తాకితేనే ఆగడం, గోడల మధ్య కన్నాల సంగతి, అన్నీ చెప్పాను. మధ్యలో కాల్షియం కూడా వచ్చింది. ఆమె సున్నం అనుకుంది. అంత తప్పేమీ కాదు కాబట్టి వదిలేశాను.

"ఇప్పుడు నువ్వు నాకు చెప్పు పెద్దమ్మా. నేనేమి చెప్తిని?"

ఆమె కోడలి దుప్పటి సర్ది మొదలుపెట్టింది.

"మా పాత వీదిలో ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ. గోడలో గూడు ఉండె, ఇవతలికీ అవతలికీ. మా ఇంట్లో పెరుగు లేకుంటే పక్కింటామె ఆ గూట్లో నుంచి తోడుకు రవంత పెరుగు ఇచ్చేది. వాకిలి దాటే పని లేదు."

"సరే."

"మీరు దీని చేతిలో తోడేసినారు. అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. పాలు అంతా పేరుకోవాల."

నేను అప్పటికి ఎన్నో పుస్తకాలు చదివాను. డాక్టరమ్మ ఇంకా ఎక్కువ చదివింది. మా ఇద్దరికీ ఆ మాట తట్టలేదు.

"తోడేసిన గిన్నెను ఏమి చేస్తావు?" అన్నాను.

ఆమె నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "ఏమీ చేయను. మూసిపెడతాను. కదిలిస్తే పగిలిపోతాది. మూత తీసి తీసి చూస్తే చెడిపోతాది."

"ఎన్ని రోజులు?"

"నువ్వు వచ్చి తీసేదాకా." కాస్త ఆగి, "మూత తీసేది నేను కాదు. నాకు పేరొచ్చేసింది కదా," అంది.

నేను తల దించుకున్నాను. కోడలు మంచం మీద నుంచి అంది, "నవ్వించొద్దు అత్తా. చేయి కదలతాది."

డాక్టరమ్మకు పోయి తోడు సంగతి చెప్పాను. ఆవిడ కాగితం తీసుకుని ఏదో రాసుకుంది. ఆ తర్వాత మా వార్డులో అరవం వాళ్ళకు కూడా జాగ్రత్తలు చెప్పేటప్పుడు ఆవిడ పాలు, ఉఱ అనడం విన్నాను. తోడును అరవంలో ఉఱ అంటారు.

ఆ అయిదు రోజులూ అత్తగారు ఆ మంచం దగ్గర కాపలా ఉంది. ఈగను రానివ్వలేదు. కొడుకు శనివారం చూడ్డానికి వచ్చి భార్య చేయి మీది దుప్పటి సరిచేయబోతే, "దూరం," అని చేతి మీద ఒక్కటిచ్చింది. పెద్ద సిస్టరు అది చూసి నవ్వింది. షీటులో రాయలేదు కానీ నేను చూశాను.

విప్పిన రోజు గుర్తుంది. పెద్ద సిస్టరు గుడ్డ మీద సెలైన్ పోస్తూ వెంట్రుకవాసి చొప్పున లేపింది. డాక్టరమ్మ పక్కన. నేను కిడ్నీ ట్రే పట్టుకుని నిలబడ్డాను. నూనె గుడ్డ లేచింది. ముక్కలు లేవలేదు. గులాబీ రంగులో అతుక్కుని ఉన్నాయి. మూడు నాలుగు పోయాయి. మిగతావాటి చుట్టూ, వెలుతురుకు వాలుగా చూస్తే, పాల మీగడ కంటే పలచగా, తెల్లటి చిన్న అంచు. కణాలు బయలుదేరాయి.

డాక్టరమ్మ, మెడ చాచి చూస్తున్న అత్తగారికి దారి ఇచ్చి పక్కకు జరిగింది.

"పేరుకుంటా ఉండాది," అంది అత్తగారు.

*

ఆ అంచులన్నీ ఒకదాన్నొకటి తాకడానికి వారాలు పట్టింది. కథల్లో అయితే చేయి మునుపటిలాగా అయిపోవాలి. కాలేదు. చిటికెన వేలు వంగదు. ఉంగరం వేలు సగమే వంగుతుంది. చేయి వెనక, ముక్కకూ ముక్కకూ మధ్య, అతుకుల గుడ్డలాగా గళ్ళు పడ్డాయి. మొదటి ముక్కలు నిలిచి ఉంటే రెండో విడత చర్మాన్ని ఆ వేళ్ళకు వాడుకునేవాళ్ళమని డాక్టరమ్మ ఒకసారి టీ తాగుతూ అంది. నన్ను అనాలని కాదు, పాఠంలో భాగంగా అంది. ఆ రెండు వేళ్ళూ నావి. పదవీ విరమణ రోజు శాలువా కప్పి నా సేవల్ని పొగిడినప్పుడు అవి గుర్తొచ్చాయి.

అక్షరాలు నేర్చుకున్నాక నిఘంటువు కొన్నాను. మొట్టమొదట వెతికింది ఆ మాటే. ఆరు అంటే తడి పోవడం అని ఉంది, దీపం కొండెక్కడం అని ఉంది, పుండు మానడం అని కూడా ఉంది. నిఘంటువు మా ఇద్దర్నీ వదిలేసింది. దానికేం, అది ఎవరి చేతికీ కట్టు కట్టలేదు.

ఇంటికి పంపే ముందు చివరి కట్టు విప్పింది నేనే. అత్తగారు ఎదురుగా స్టూలు మీద. నేను చేతిని తిప్పి తిప్పి చూసి అన్నాను.

"ఆరింది పెద్దమ్మా."

ఆమె లేచి దగ్గరికి వచ్చింది. "నీ ఆరేదా, నా ఆరేదా?"

"నాది."

"అట్టయితే సరి." కోడలి చేతిని తన చేతుల్లోకి తీసుకుని, ఆ గళ్ళను ఒక్కొక్కటే బొటనవేలితో తాకుతూ పోయింది. ఒకటి తాకి, దాని పక్కది తాకి, దాని పక్కది.

కోడలు ఎడమ చేత్తో, విప్పిన బ్యాండేజీ అంచు నుంచి రెండు నూలు పోగులు లాగింది. కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు కొసలూ పెట్టింది. నలిపింది. జారిపోయాయి. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారాయి. అత్తగారు చుట్టూ వెతికి, బూడిద ఎక్కడా లేక, నా ట్రేలో ఉన్న పౌడరు డబ్బా తీసి, మూత తెరిచి, కోడలి వేలికి అద్దింది. మూత తెరిచిందని వార్డులో ఎవరూ నవ్వలేదు.

మూడోసారి నలిపింది. పోగు అత్తకు అందించింది. ఆమె రెండు కొసలూ పట్టుకుని గట్టిగా లాగి చూసింది.

ఊడలేదు.